లేచినప్పుడా, ఒత్తిగిలినప్పుడా? తల తిరుగుడు సంగతి ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరగడం ఒక జబ్బు. కుర్చీలోంచి లేచి రెండడుగులు వేయగానే కళ్లు బైర్లు కమ్మడం ఇంకొకటి. మొదటిది చెవి లోపల పుడుతుంది, రెండోది రక్తపోటు దగ్గర. ఒకదానికి వైద్యం తలను కొన్ని కోణాల్లో తిప్పడం. మరొకదానికి నీళ్లు, అలవాట్లు, వాడుతున్న మందుల్లో మార్పులు. అయినా మన ఇళ్లలో రెండింటికీ జరిగేది ఒకటే. వీధి చివరి మెడికల్ షాపుకు వెళ్లి "తల తిరుగుడుకు ఏదైనా ఇవ్వండి" అంటాం. అతను ఇచ్చిన మాత్రల షీటు నెలల తరబడి దిండు పక్కనే ఉండిపోతుంది. ఆ మాత్ర మింగే ముందు మీరే తేల్చుకోగలిగింది చాలా ఉంది.

ముందుగా: ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

తల తిరుగుడుతో పాటు మాట ముద్దగా వస్తున్నా, మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, పట్టుకోకుండా నిలబడలేకపోతున్నా అది పక్షవాతం కావచ్చు. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అంతే. 108కి ఫోన్ చేయండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. అందులో సగం సమయం నిమ్మరసం తాగించడంలో, బంధువులకు ఫోన్లు చేయడంలో పోతుంది. ట్రాఫిక్‌కు మిగిలేది ఎంత?

ఛాతీనొప్పి, గుండె దడతో స్పృహ తప్పినా, నడుస్తూనో మెట్లెక్కుతూనో పడిపోయినా గుండె పరీక్ష అదే రోజు జరగాలి. మలం తారులా నల్లగా వస్తూ, లేస్తే కళ్లు తిరుగుతుంటే కడుపులో రక్తస్రావం అయి ఉండవచ్చు. మోకాళ్ల నొప్పులకు రోజూ నొప్పి మాత్రలు వేసుకునే పెద్దవాళ్లలో ఇది అరుదేమీ కాదు. ఇక ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే "గులిమి అయ్యుంటుందిలే" అని వారాలు గడపకండి, ఒకటి రెండు రోజుల్లో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఇవేవీ లేకపోతే కింది అడుగులు మీ కోసమే.

ఏ కదలికతో, ఎంతసేపు: కాగితం మీద పెట్టండి

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. తల తిరిగిన ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: సరిగ్గా ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపు ఉంది, గది తిరిగిందా లేక కళ్ల ముందు చీకటి కమ్మిందా. "పొద్దున వచ్చింది" అని రాస్తే ఉపయోగం లేదు. పొద్దున మంచం దిగడంలో మూడు కదలికలున్నాయి. పక్కకు ఒత్తిగిలడం, లేచి కూర్చోవడం, నిలబడటం. వీటిలో ఏది?

అన్నిటికన్నా పదునైన ప్రశ్న ఒకటుంది: పడుకునే ఉండి, కేవలం పక్కకు తిరిగినప్పుడు తల తిరుగుతోందా? పడుకున్న మనిషి ఒత్తిగిలితే రక్తపోటు పడిపోదు. కాబట్టి సమాధానం "అవును" అయితే చూపు చెవి వైపు మళ్లించాలి. ఒత్తిగిలితే ఏమీ కాదు, పైకి చూసినా ఏమీ కాదు, నిలబడితేనే వస్తోంది, కూర్చోగానే పోతోంది అంటే అది రక్తపోటు కథ.

చెవి సంగతైతే ఇంకో ఆనవాలు కూడా ఉంటుంది. తల వెనక్కి వంచినప్పుడు కూడా వస్తుంది. అటక మీది డబ్బా అందుకోబోతే, పార్లర్‌లో తల కడిగించుకోవడానికి మెడ వాలిస్తే, ఖైరతాబాద్ గణేశుడి ముఖం చూద్దామని జనంలో నిలబడి తల పైకెత్తితే నేల కదిలిపోయినట్టుంటుంది. అయితే అది నిమిషం దాటదు. భయంలో పావుగంట అనిపిస్తుంది కాబట్టి గడియారం చూసి రాయండి. తిరుగుడు ఆగాక వికారం, తూలుడు కాసేపు మిగలవచ్చు. దాన్ని లెక్కలో కలపకండి.

ఏ కదలికా లేకుండా గంటల తరబడి తిరుగుతూ, చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే అది మెనియర్స్ జబ్బు కావచ్చు. రోజుల తరబడి ఆగకుండా తిరుగుతూ వాంతులవుతుంటే చెవి నరం వాపు కావచ్చు. పక్షవాతం కూడా ఒక్కోసారి అచ్చం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఇంట్లో తేల్చబూనకండి. ఈ రెండూ ఈ వ్యాసం పరిధి దాటినవి, డాక్టరు చూడాలి.

బీపీని పడుకుని ఒకసారి, నిలబడి రెండుసార్లు కొలవండి

క్లినిక్‌లో కుర్చీలో కూర్చోబెట్టి చూసే బీపీ ఈ జబ్బును పట్టివ్వదు. "బీపీ నార్మల్" అని ఇంటికి పంపిస్తారు, మీరు మళ్లీ వంటింట్లో తూలిపడతారు. ఇంట్లో జబ్బకు చుట్టే డిజిటల్ మిషన్ ఉంటే చాలు. మణికట్టువి నాకు నచ్చవు, చెయ్యి కొంచెం ఎత్తు మారితే అంకె మారిపోతుంది.

అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోండి. మాటలు, ఫోను వద్దు. పడుకునే బీపీ, నాడి కొలిచి రాయండి. పట్టీ విప్పకుండా లేచి నిలబడండి. నిలబడిన నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత ఇంకోసారి కొలవండి. చెయ్యి గుండె ఎత్తున, అల్మారా అరమీదో ఎవరి భుజం మీదో ఆన్చి ఉంచాలి. పక్కన ఒక మనిషి తప్పనిసరి. మధ్యలో చీకటి కమ్మితే పరీక్ష ఆపి కూర్చోండి, ఆ సంగతే రాసుకోండి.

పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ, లేదా కింది అంకె 10 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే మీది నిలబడితే పడే బీపీ. నాడి సంగతీ చూడండి. బీపీ పడి నాడి బాగా పెరిగితే ఒంట్లో నీరో రక్తమో తగ్గిందని అనుమానించాలి. బీపీ పడినా నాడి పెద్దగా కదలకపోతే దాన్ని నడిపించే నరాలు దెబ్బతిని ఉండవచ్చు. ఏళ్ల నాటి షుగరు, పార్కిన్సన్స్ జబ్బు అలా చేస్తాయి. బీపీ పడకుండానే నాడి మాత్రం 10 నిమిషాల్లో 30కి పైగా, 12 నుంచి 19 ఏళ్లవారిలో 40కి పైగా పెరిగి గుండె దడ వస్తుంటే పాట్స్ అనే మరో స్థితి ఉంది. ఎక్కువగా యువతుల్లో చూస్తాం. "టెన్షన్ పడుతోంది" అని కొట్టిపారేయవలసింది కాదది.

ఉదయం లేవగానే ఒకసారి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట ఆగి ఇంకోసారి ఇలా కొలవండి. మిషన్ లేకపోతే దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్లి, నిలబెట్టి కూడా చూడమని అడగండి. అడగందే అలా చూసేవారు తక్కువ.

నిలబడితే బీపీ పడుతున్నవాళ్లు చేయవలసింది

మనం నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడలోని రక్తనాళాల దగ్గరున్న ఒత్తిడి గ్రాహకాలు క్షణాల్లో పసిగట్టి నాళాలను బిగిస్తాయి, గుండె వేగం పెంచుతాయి. ఈ ఏర్పాటు ఎక్కడ దెబ్బతిన్నా మెదడుకు ఆ కాస్త సేపు రక్తం చాలదు.

మొట్టమొదట మందుల డబ్బా ఖాళీ చేసి బల్ల మీద పరచండి. పెద్దవాళ్లలో కారణం చాలాసార్లు అందులోనే దొరుకుతుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు, ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, బీపీకి ఇచ్చే ప్రాజోసిన్, నరాల నొప్పికీ నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఛాతీనొప్పికి ఇచ్చే నైట్రేట్లు అన్నీ ఈ పని చేయగలవు. గుండె డాక్టరు ఒకటి, యూరాలజిస్టు ఇంకొకటి, ఎముకల డాక్టరు మరొకటి రాస్తారు. ముగ్గురి చీటీలూ ఒకచోట పెట్టి చూసేవారుండరు. ఆ పని మీరు చేయండి. కానీ మీ అంతట మీరు ఏదీ ఆపకండి. బీపీ మాత్ర హఠాత్తుగా మానేస్తే ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది. మీ అంకెలు చూపిస్తే డాక్టరు మోతాదో, వేసుకునే వేళో మారుస్తారు.

తర్వాత నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో తిరిగేవాళ్లు, ఉపవాసాలున్నవాళ్లు, బయట మరుగుదొడ్డి దొరకదని కావాలని నీళ్లు తాగని ఆడవాళ్లు అందరూ ఈ ఉచ్చులో పడతారు. చివరి కారణం డాక్టర్లకు చాలామంది చెప్పరు, వాళ్లూ అడగరు. పొద్దున మంచం దిగే ముందే రెండు పెద్ద గ్లాసుల నీళ్లు, అంటే దాదాపు అర లీటరు, గబగబా తాగితే నరాలు దెబ్బతిన్నవారిలో కొన్ని నిమిషాల్లో బీపీ కొంత లేస్తుంది. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లకు లెక్క పెట్టినవాళ్లకు ఈ సలహా వర్తించదు. ఉప్పు పెంచడం కూడా అంతే. బీపీ ఎక్కువగా ఉండేవాళ్లు డాక్టరు చెప్పందే పెంచకూడదు.

విరేచనాలు, వాంతులు, వడదెబ్బ అయితే ఓఆర్ఎస్ తాగండి. పొడి ప్యాకెట్ కొని, దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. పండ్లరసాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మిన తీపినీళ్లు వేరు. వాటిమీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. అయినా షాపులో లేబుల్ చదివే కొనండి.

లేవడం ఎలాగో మళ్లీ నేర్చుకోవాలి. మంచం మీదే పాదాలను ముందుకూ వెనక్కూ ఇరవై ముప్పైసార్లు ఆడించి పిక్కలకు పని చెప్పండి. లేచి, కాళ్లు కిందకు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోండి. తర్వాత మంచం పట్టుకుని నిలబడి, ఒక నిమిషం అక్కడే ఆగి, అప్పుడు కదలండి. అలారం మోగగానే దిగ్గున లేచే అలవాటున్నవారికి ఇది చాదస్తంలా ఉంటుంది. తుంటి ఎముక విరిగిన మనిషిని చూసినవాళ్లకు అలా అనిపించదు. రాత్రి మూత్రానికి లేచినప్పుడు మగవాళ్లు కూడా కూర్చునే వెళ్లండి. నిద్రమత్తులో లేచి నిలబడి మూత్రం పోస్తుండగా సొమ్మసిల్లడం పెద్దవయసు మగవాళ్లలో తరచూ జరిగేదే. బాత్రూమ్ తలుపుకు లోపలి గడియ పెట్టకండి.

మెట్రోలో సీటు దొరకక నిలబడినప్పుడు, రేషన్ షాపు వరుసలో, దర్శనం క్యూలో చీకటి కమ్మడం మొదలైతే ఒక కాలికి అడ్డంగా ఇంకో కాలు వేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించండి. పిడికిళ్లు బిగించండి. అదీ ఆగకపోతే మొహమాటపడకుండా గొంతుక్కూర్చోండి. చూసేవాళ్లు ఏమనుకుంటారో అని నిలబడే ఉంటే ఎలాగూ కిందే ఉంటారు, దెబ్బలతో.

భోజనం సంగతి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో, కడుపునిండా అన్నం తిన్నాక రెండు గంటల్లోపు బీపీ జారుతుంది. రక్తం పేగుల వైపు మళ్లడమే కారణం. ఆదివారం బిర్యానీ తిని, కాసేపు కునుకు తీసి లేచి తూలే తాతగారి కథ ఇదే. అన్నం తగ్గించి, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినిపించండి. తిన్న వెంటనే వేడినీళ్ల స్నానం, ఎండలో నడక వద్దు. మద్యం నాళాలను వదులు చేస్తుంది కాబట్టి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కాళ్లను బిగించి పట్టే మేజోళ్లు పనిచేస్తాయి, కానీ తొడల దాకా ఉండాలి. మన ఉక్కపోతలో వారం కూడా వేసుకోలేరు. దానికన్నా పొట్టకు కట్టే బెల్టు నయం. రక్తం ఎక్కువగా నిలిచేది పొట్టలోనే. పడుకుని ఉండగానే కట్టుకుని, రాత్రి తీసేయాలి. మంచం తలవైపు ఆరంగుళాలు ఎత్తు చేయడం కూడా మంచిదే. రాత్రిపూట మూత్రం రూపంలో నీరు, ఉప్పు పోవడం తగ్గి, పొద్దున బీపీ నిలుస్తుంది. దిండ్లు పేర్చితే మెడ వంగుతుంది తప్ప ఫలితం ఉండదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలో చెక్క దిమ్మెలో పెట్టాలి. ఇప్పటి పెట్టె మంచాలకు కోళ్లే ఉండవు, వాళ్లు పరుపు కింద పెట్టే ఏటవాలు ఫోమ్ దిమ్మె చూసుకోవాలి.

ఒత్తిగిలితే తిరిగేవాళ్లకు: చెవిలో రాళ్లు

లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్‌తో చేసిన అతి సన్నని రేణువులు ఒకచోట అతుక్కుని ఉంటాయి. వయసు వల్లో, తలకు దెబ్బ తగిలో, ఏ కారణమూ లేకుండానో కొన్ని ఊడి, పక్కనున్న అర్ధవలయ గొట్టాల్లోకి జారతాయి. తల వంచినప్పుడల్లా సీసా అడుగున ఇసుకలా అవి దొర్లి, అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి. మీరు కదలడం ఆపినా చెవి మాత్రం ఇంకా తిరుగుతున్నామనే చెబుతుంది. దీన్ని డాక్టర్లు బీపీపీవీ అంటారు. ఆ పేరులో "బీపీ" ఉందని రక్తపోటుతో ముడిపెట్టకండి.

తేల్చేందుకు పరీక్ష 1952 నుంచీ ఉంది. డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటారు. డాక్టరు మీ తలను ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి కళ్లలోకి చూస్తారు. రెండు మూడు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత కనుగుడ్లు మెలి తిరుగుతూ పైకి కొట్టుకోవడం మొదలవుతుంది, నెమ్మదిగా ఆగిపోతుంది. మీ ఇంట్లోవాళ్లు ఆ క్షణంలో ఫోనుతో మీ కళ్ల వీడియో తీయగలిగితే తీసుకెళ్లి చూపించండి. ఒక్కోసారి స్కాన్ చెప్పలేనిది ఆ అర నిమిషం వీడియో చెబుతుంది. స్కాన్‌లో ఈ రేణువులు కనిపించవు కూడా.

వైద్యం అమెరికా ఈఎన్‌టీ డాక్టరు జాన్ ఎప్లీ 1980లో చూపించాడు. మొదట్లో తోటి డాక్టర్లు నమ్మలేదు. తలను తిప్పితే జబ్బు పోతుందా అని. ఇప్పుడు ప్రపంచమంతా అదే చేస్తోంది. మొదటిసారి డాక్టరు దగ్గరే చేయించుకోండి. మెడ ఆపరేషన్ అయినవాళ్లు, మెడ రక్తనాళాల జబ్బు, కంటి రెటీనా ఊడిన చరిత్ర ఉన్నవాళ్లు ఇంట్లో అసలు ప్రయత్నించకూడదు. మళ్లీ వచ్చినప్పుడు, ఏ చెవో తెలిసి, డాక్టరు సరేనన్నాక ఇంట్లో ఇలా చేయవచ్చు. కుడివైపు తిరిగి పడుకుంటే తల తిరిగేవాళ్లకు ఇది. ఎడమ చెవికి దిశలన్నీ తారుమారు చేసుకోవాలి.

1. మంచం మధ్యలో కాళ్లు చాపి కూర్చోండి. పడుకుంటే భుజాల కిందకు వచ్చేలా వెనక ఒక దిండు పెట్టుకోండి. తల కుడివైపు 45 డిగ్రీలు, అంటే ఎదురుగా చూడటానికీ భుజం వైపు చూడటానికీ మధ్యకు, తిప్పండి.
2. తల అలాగే ఉంచి చకచకా వెనక్కి పడుకోండి. భుజాలు దిండు మీద, తల కొంచెం వెనక్కి వాలి పరుపు మీద ఉండాలి. గది తిరుగుతుంది, తిరగనివ్వండి. అది ఆగాక కూడా అర నిమిషం ఉండండి.
3. తల ఎత్తకుండా ఎడమవైపు 90 డిగ్రీలు తిప్పండి. అర నిమిషం ఆగండి.
4. ఇప్పుడు ఒళ్లంతా ఎడమ పక్కకు ఒత్తిగిలి, ముఖం నేలవైపు చూసేలా తలను మరో 90 డిగ్రీలు తిప్పండి. మళ్లీ అర నిమిషం.
5. గడ్డం ఛాతీ వైపు వంచుకుని, ఎడమవైపు నుంచే మెల్లగా లేచి కూర్చోండి. వెంటనే నిలబడకండి.

చాలామందికి ఒకటి రెండుసార్లతోనే పోతుంది. ఆ తర్వాత రెండు రాత్రులు కూర్చునే నిద్రపోవాలని, మెడకు పట్టీ వేసుకోవాలని పాతకాలం సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది. అవసరం లేదు. ఏ పక్కకు తిరిగినా ఒకేలా గట్టిగా తిరుగుతుంటే రేణువులు ఇంకో గొట్టంలో ఉండవచ్చు, దానికి తిప్పే పద్ధతి వేరు, ఎప్లీ పనిచేయదు. నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో తిరిగి రావడం మామూలే. తరచూ వస్తుంటే విటమిన్ డి పరీక్ష చేయించండి. అది తక్కువగా ఉన్నవారిలో సరిచేస్తే మళ్లీ రావడం తగ్గుతుంది.

మెడ ఎముకల అరుగుదల అనే తీర్పు

ఎక్స్‌రే తీస్తే యాభై దాటిన ఎవరి మెడలోనైనా కొంత అరుగుదల కనిపిస్తుంది, తల తిరగనివారిలోనూ. అందుకే "మెడ అరిగింది, అందుకే తల తిరుగుతోంది" అన్న మాట వినగానే నాకు అనుమానం వస్తుంది. మెడ వల్ల తల తిరగడం లేదని కాదు. మిగతావన్నీ కాదని తేలాకే దాని వంతు రావాలి. జరిగేది చాలాసార్లు తలకిందులు: చెవిలో రాళ్లతో తల తిరిగినవాడు భయంతో మెడ కదపకుండా కర్రలా పెట్టుకుంటాడు, నాలుగు రోజులకు మెడ పట్టేస్తుంది, నొప్పి మెడలో ఉంది కాబట్టి జబ్బూ అక్కడే అని పట్టీ వేస్తారు. ఆ పట్టీతో తల కదలదు కాబట్టి తిరుగుడూ తగ్గినట్టు ఉంటుంది. రేణువులు మాత్రం అక్కడే ఉంటాయి.

మాత్రల సంగతీ ఇక్కడే చెప్పాలి. సిన్నారిజిన్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటివి వాంతులవుతున్న ఒకటి రెండు రోజులు మంచి ఆసరా. నెలల తరబడి వాడితే మెదడు తనంతట తాను సర్దుకోవడం ఆలస్యమవుతుంది, పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక మందగించడం లాంటి పార్కిన్సన్స్ లక్షణాలు కూడా రావచ్చు. వాటిలో కొన్ని నిలబడితే పడే బీపీని ఇంకా పడేస్తాయి.

ఎవరి దగ్గరకు, ఏం తీసుకుని

నిలబడితే వచ్చేదైతే ముందు జనరల్ ఫిజీషియన్. రక్తహీనత, షుగరు, సోడియం, కిడ్నీ పరీక్షలు, ఈసీజీ అక్కడే తేలతాయి. అవసరమైతే గుండె లేదా నరాల డాక్టరుకు వాళ్లే పంపుతారు. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో ఆ రెండు విభాగాలూ ఉన్నాయి. ఒత్తిగిలితే వచ్చేదైతే నేరుగా ఈఎన్‌టీ. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, రద్దీ ఉంటుంది కాబట్టి ఉదయమే వెళ్లండి. రెండూ ఉన్నవాళ్లూ ఉంటారు, డెబ్బై దాటినవాళ్లలో మరీను. అప్పుడు ఇద్దరినీ కలవాలి.

బీపీ అంకెల కాగితం, నోటు పుస్తకం, వీడియో, మందులన్నీ ఒక సంచిలో వేసుకోండి. స్కాన్ రాసిస్తే "పడుకోబెట్టి కళ్ల పరీక్ష చేశారా సార్?" అని మర్యాదగానే అడగండి. ఎప్లీ చేయించుకున్న రోజు కొన్ని గంటలు తూలుడు ఉండవచ్చు. ఆ రోజు బండి మీరు నడపకండి, వెనక సీట్లో కూడా కాదు, ఆటోలో ఇంకొకరిని వెంటబెట్టుకుని ఇంటికి రండి.